మడతలో మిగిల్చిన గుడ్డ

అక్కావాళ్ళు సెలవులకు వస్తున్నారని తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని, కొలతల టేపు తీసుకుని ఇల్లు కొలవడం. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో నేనూ మా ఆయనా, ఇంకోదాంట్లో మిడత. ఇప్పుడు మిడత గది అక్కకీ బావకీ ఇచ్చి, మిడతను హాల్లో సోఫా మీదకు మార్చాలి. సోఫా అయిదడుగులు. మిడత నాలుగడుగుల పదకొండంగుళాలు.

"సరిపోతుందిలే. ఈ పద్దెనిమిది రోజులూ ఎదక్కుండా ఉండు చాలు," అన్నాను దానితో.

మిడత మా అక్క కూతురు. చూస్తే ముందు కాళ్ళే కనబడతాయి కాబట్టి మేం పెట్టుకున్న పేరది. పదకొండేళ్ళు. దానికి రెండేళ్ళప్పుడు అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పసిపిల్లను దగ్గర ఉంచుకోవద్దన్నారు డాక్టర్లు. మేం అప్పుడే ఈ దేశానికి బయల్దేరుతున్నాం. అక్క గుమ్మం అవతలే నిలబడి, మూతికి చెంగు అడ్డం పెట్టుకుని, "ఒక్క ఏడాది నీ దగ్గర ఉంచుకోవే," అంది. ఆ ఒక్క ఏడాది తొమ్మిదేళ్ళయింది. మొదటి మూడేళ్ళూ జబ్బు తిరగబెడుతూనే ఉంది. తర్వాతి ఏళ్ళన్నీ నేను అడిగి తీసుకున్నవే. ప్రతి సెలవులకూ ఫోన్ చేసి, "ఈ ఒక్క తరగతీ కానీ అక్కా, మధ్యలో కదపడం ఎందుకు," అనేదాన్ని. అక్క పిల్ల ఎంత ఎదిగిందని అడిగేది. ఆ తర్వాత, "సరేలే," అనేది. మాకు పిల్లల్లేరు. అక్కకు ఇదొక్కతే.

మధ్యలో మేం రెండుసార్లు వెళ్ళొచ్చాం, పదేసి రోజులకు. వాళ్ళు ఇక్కడికి రావడం ఇదే మొదలు. "ఊరికే, చూసిపోదామని," అన్నాడు బావ ఫోన్లో. తొమ్మిదేళ్ళు చూడ్డానికి రానివాళ్ళు ఇప్పుడెందుకు వస్తున్నారో నాకు తెలియకపోలేదు. తెలియనట్టు దుప్పట్లు ఉతికాను.

ఎయిర్‌పోర్టులో అక్క పెట్టె తోసుకుంటూ బయటికి వచ్చింది. సన్నబడింది గానీ మొహంలో కళ ఉంది, జబ్బు ఛాయ ఎక్కడా లేదు. మిడత ముందుకెళ్ళి, "అమ్మా, మీ బ్యాగు నాకివ్వండి, నేను పట్టుకుంటాను," అంది.

నన్ను 'నువ్వు' అంటుంది. కోపమొస్తే 'నువ్వూ నీ సూదులూ' అని కూడా అంటుంది. కన్నతల్లిని మాత్రం కొత్త టీచర్‌తో మాట్లాడినట్టు 'మీరు' అంది. అక్క నవ్వి బ్యాగు ఇచ్చింది. నాకు లోపల సంతోషం వేసింది. అలా వేసినందుకు వెంటనే సిగ్గు కూడా వేసింది. కానీ సంతోషమే ముందు వచ్చింది, అబద్ధమెందుకు.

మూడో రోజుకల్లా నా వంటిల్లు నాకే అర్థం కాకుండా పోయింది. అక్క చేతులు ఊరుకోవు, చిన్నప్పటినుంచీ అంతే.

"ఉప్పు డబ్బా పై అరలో ఏంటే? కూరలో ఉప్పు తక్కువైతే నిచ్చెన వేసుకుంటావా?"

"నాకలాగే అలవాటు అక్కా."

"అలవాటుదేముంది, మార్చుకుంటే మారుతుంది."

ఆ మాట ఉప్పు గురించేనా అని రోజంతా ఆలోచించాను. అప్పటికి ప్రతి మాటా నాకు రెండుసార్లు వినబడుతోంది. మిడతకు జడ వేస్తూ, "ఎంత మంచి జుట్టే, మా అమ్మ జుట్టొచ్చింది," అని అక్క అంటే, నూనె రాసి పెంచింది నేను కదా అని నా ప్రాణం ఉసూరుమనేది. మా అమ్మ ఇద్దరికీ అమ్మేనన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు.

నాలుగో రోజు పొద్దున అక్క ఒక గుడ్డసంచి తెచ్చి నా మిషను మీద పెట్టింది. "పిల్లకి కుట్టించి తెచ్చాను. పొట్టీ పొడుగూ ఏమైనా ఉంటే సరిచెయ్యి. నీకంటే ఎవరికి తెలుసు దాని కొలతలు," అని బజారుకి బయల్దేరింది బావతో.

నా పని అదే. బజారు వీధిలో ఒక కొట్టులో పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తాను, బిగుతైన నడుములు వదులు చేస్తాను. అస్తర్లు మారుస్తాను. ఒక గుడ్డ చూస్తే దాన్ని కుట్టినవాడి ఉద్దేశం చెప్పగలను.

సంచిలో పైన రెండు గౌన్లు. వాటి కింద ఒక చుడీదార్. దానికీ కింద, కాగితంలో చుట్టి, మెరూన్ రంగు స్కర్టు, తెల్ల చొక్కా. జేబు మీద నేనూ అక్కా చదివిన బడి గుర్తు.

స్కర్టు తిరగేసి టేపు పెట్టాను. నడుం ఇరవైమూడున్నర. ఆ అరంగుళం ఎవరూ ఊహించి వెయ్యరు. వానలప్పుడు అక్క ఫోన్ చేసి, "పుట్టినరోజుకి గౌను కుట్టిస్తాను, కొలతలు చెప్పు," అంటే నేనే టేపు పట్టుకుని, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని మరీ చెప్పాను. నా కొలతలతోనే నా పిల్లకు యూనిఫాం కుట్టించారు. కింద అంచు మడత విప్పి చూశాను. మూడు వేళ్ళ గుడ్డ వదిలి ఉంది. ఒక్క ఏడాది తొడిగే స్కర్టుకి ఏ దర్జీ అంత గుడ్డ వదలడు. ఎదిగేకొద్దీ దింపుకుంటూ మూడేళ్ళు వాడమని వదిలింది.

మళ్ళీ ఉన్నదున్నట్టు మడిచి, కాగితం చుట్టి, సంచి అడుగున పెట్టాను. అక్క వచ్చి, "ఏమన్నా సరిచెయ్యాలా?" అంది, నా మొహంలోకే చూస్తూ.

"గౌను చేతులు కొంచెం," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన బాల్కనీలో బట్టలారేస్తుంటే వెళ్ళి చెప్పాను. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఊళ్ళోవాళ్ళందరినీ పైకీ కిందకీ చేరుస్తాడు గానీ, ఇంట్లో మాట వచ్చేసరికి తనే రెండంతస్తుల మధ్య ఆగిపోతాడు.

"వదినగారిని అడిగెయ్," అన్నాడు.

"అడిగితే? అవునంటే?"

"అవునంటే... పిల్ల వాళ్ళది కదా."

"మరి నేనెవర్ని?"

ఆయన ఆరేసిన చొక్కానే తీసి మళ్ళీ ఆరేశాడు. ఆయన కళ్ళు కూడా ఎర్రబడ్డాయి. దానికి సైకిల్ నేర్పింది ఆయనే.

మర్నాడు కొట్టులో నాకు ఆఖరి పనిరోజు. తర్వాత వాళ్ళు వెళ్ళేదాకా సెలవు పెట్టుకున్నాను. పొద్దున్నే బీరువా తెరిచి, మిడత పాస్‌పోర్టు తీసి నా సంచిలో వేసుకున్నాను. ఇంట్లో ఎక్కడ దాచినా అక్క చేతికి దొరుకుతుంది. ఉప్పు డబ్బానే వదల్లేదు కదా.

కొట్టులో ఆఖరి కొక్కేనికి ఒక బూడిదరంగు ఉన్నికోటు రెండేళ్ళుగా వేలాడుతోంది. ఇచ్చినవాడు మళ్ళీ రాలేదు. ఈ ఎండల్లో ఉన్నికోటు కోసం ఎవడొస్తాడు? యజమానురాలు భోజనానికి వెళ్ళినప్పుడు, కోటు లోపలి అస్తరు ఒక జానెడు విప్పి, పాస్‌పోర్టు లోపల పెట్టి, పైకి కనబడని కుట్టు వేసేశాను. పదిహేను నిమిషాల పని. అంత పనితనంగా ఎప్పుడూ కుట్టలేదేమో. ఇంటికొస్తూ బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను, ఇది దొంగతనం కాదు, పద్దెనిమిది రోజులు గడవడానికి ఒక ఉపాయం, అంతే అని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టే ఉంది నా వరస.

ఎనిమిదో రోజు టిఫిన్ల దగ్గర బావ కదిలించాడు.

"ఏమ్మా మరదలా, పిల్ల పాస్‌పోర్టు ఒకసారి ఇస్తావా? నంబరు రాసుకుంటాను."

"ఎందుకు బావగారూ?"

"ఏం లేదు, టిక్కెట్ల సంగతి చూద్దామని." ఆయన మంచిమనిషి. అబద్ధం ఆడలేడు, నిజం సూటిగా చెప్పలేడు.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోంది.

"అది లేదండీ. గడువు దగ్గరపడిందని ఆఫీసులో ఇచ్చాం. రావడానికి నెల పడుతుందట," అన్నాను.

మా ఆయన తల పళ్ళెంలోకి వంచేశాడు. మిడత నోట్లో నువ్వు గింజ నానదు. "అదేంటి పిన్నీ? మొన్న నా లైబ్రరీ కార్డు వెతికినప్పుడు బీరువాలోనే ఉందిగా. ఎరుపు ఫైల్లో!"

"పెద్దవాళ్ళ మాటల్లో దూరొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? లే ఇక్కణ్ణుంచి!"

ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. తొమ్మిదేళ్ళలో దాన్ని అలా ఎప్పుడూ కసరలేదు. మిడత పళ్ళెం పట్టుకుని లేచింది. ఎప్పుడూ అలిగితే బాబాయి వెనక్కి వెళ్ళి నిలబడేది, ఆ రోజు మాత్రం వంటింట్లోకి, అక్క దగ్గరికి వెళ్ళింది.

"నెల పడుతుందా," అన్నాడు బావ, కాఫీలోకి చూస్తూ. మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అందరం మర్యాదగా ఉన్నాం. అంతకంటే నరకం లేదు. 'కూర వేసుకో', 'నువ్వు తిను ముందు', 'ఫ్యాను తగ్గించనా'. పార్కుకి వెళ్ళాం, ఫొటోలు దిగాం. ఫొటోల్లో మిడత మధ్యలో నిలబడితే, దాని కుడిభుజం మీద అక్క చెయ్యి, ఎడమభుజం మీద నా చెయ్యి. అది మునుపటిలా వాగడం మానేసింది. సాయంత్రాలు అక్కతో గదిలో ఉండేది. నేను వెళ్తే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. ఏం మాట్లాడుకుంటున్నారని అడగడానికి నాకు నోరెక్కడిది? దొంగకు తేలు కుట్టినట్టు తిరిగాను.

పన్నెండో రోజు పొద్దున యజమానురాలి ఫోన్.

"ఆ బూడిద కోటాయన వచ్చాడమ్మా, రెండేళ్ళకి! ఏదో చలి దేశానికి ప్రయాణమట. పదకొండింటికి మళ్ళీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. గుండీ ఒకటి వదులుగా ఉంది. నీ చేతి పని కదా, వస్తావా?"

వెంటనే సంచి అందుకున్నాను. చెప్పులేసుకుంటుంటే అక్క వెనకాలే వచ్చింది. "కొట్టుకా? నేనూ వస్తా. నువ్వు పనిచేసే చోటు చూడనే లేదు."

"గుండీ పనే అక్కా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా."

"అయితే అయిదు నిమిషాలే చూస్తా," అని అప్పటికే తలుపు తీసింది.

బస్సు దారంతా అక్క కిటికీలోంచి కొట్లు చూసి ఏదో అడుగుతూనే ఉంది. నేనేం జవాబులు చెప్పానో గుర్తులేదు. మేం వెళ్ళేసరికే ఆ మనిషి వచ్చేశాడు. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, చెమటలు కారిపోతుంటే పక్కకీ వెనక్కీ తిరిగి చూసుకుంటున్నాడు. ఎడమవైపు తట్టి, యజమానురాలితో అన్నాడు, "ఇక్కడేదో గట్టిగా తగులుతోంది. ఇదివరకు ఇలా లేదే."

ఆవిడ నా వైపు చూసింది.

"అస్తరు కింద గట్టిగుడ్డ జరిగినట్టుంది," అన్నాను. చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వండి, పది నిమిషాలు."

కోటు పట్టుకుని వెనక మిషన్ల దగ్గరికి వెళ్ళాను. అక్క కూడా వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది. ఆమెకు ఇక్కడి భాష రాదు. కానీ కుట్టు భాష వచ్చు. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. బయట ఆ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. ఇక దారిలేదు. చిన్న కత్తి తీసుకుని, నేను వేసిన కుట్లు నేనే ఒక్కొక్కటీ తెంపాను. పాస్‌పోర్టు చేతికి అందకుండా జారి నేలమీద పడింది.

అక్క వంగి తీసింది. తెరిచి ఫొటో చూసింది. అందులో మిడతకు ఏడేళ్ళు, ముందు పళ్ళు రెండూ లేవు. అలాగే చాలాసేపు చూసింది. తిడుతుందని, ఏడుస్తుందని చూస్తున్నాను. నేను సూదిలో దారం ఎక్కించబోతే దారం ఎటో పోతోంది.

"ఇలా తే," అంది అక్క. సూది లాక్కుని, దారం ఎక్కించి, కోటు ఒళ్ళో వేసుకుని ఆ జానెడు అస్తరూ తనే కుట్టింది. నా కుట్టుకంటే సన్నగా, ఏ అతుకూ తెలియకుండా కుట్టింది. నేను గుండీ బిగించాను. ఆ మనిషి కోటు తొడుక్కుని, తట్టి చూసుకుని, సంతోషంగా వెళ్ళిపోయాడు.

బస్‌స్టాపులో బెంచీ మీద కూర్చున్నాక అక్క నోరు విప్పింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి ఆయనే కోటు దొరలా వచ్చి పట్టించాడు."

నాకు నవ్వు రాలేదు. "యూనిఫాం చూశానక్కా. నాలుగో రోజే."

"తెలుసు. నువ్వు మడిచిన మడత నాకు తెలీదా? నువ్వు చూడాలనే ఆ సంచిలో పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం లేక. ఎనిమిది రోజులనుంచి చూస్తున్నానే, ఎప్పుడు అడుగుతావా అని."

"నువ్వు చెప్తావేమోనని నేను చూశాను."

"నువ్వు ఒక్క ఏడాది, ఒక్క ఏడాది అని ఎన్నిసార్లు అడిగావు? ఒక్కసారైనా కాదన్నానా?"

లేదన్నట్టు తల ఊపాను.

"జబ్బు మనిషిని కదా, పిల్ల ఎక్కడ బాగుంటే అక్కడే ఉండనీ అనుకున్నాను. ఇప్పుడు నాకు బాగానే ఉంది. అది నన్ను 'మీరు' అంటోంది, విన్నావా?" అంది అక్క. పాస్‌పోర్టు అట్టను బొటనవేలితో తుడిచింది. "నువ్వు దాన్ని కసిరిన రోజు అడిగాను, మాతో వస్తావా అని. పిన్ని ఒప్పుకుంటే వస్తానంది. ఒప్పుకోకపోతే రాదు. నేనింక బలవంతం చెయ్యను."

పాస్‌పోర్టు నా ఒళ్ళో పెట్టింది. "ఇది నేను తీసుకోను. తీసుకెళ్తే లాక్కెళ్ళినట్టుంటుంది. ఇస్తే నువ్వే ఇవ్వు."

బస్సు వచ్చింది. ఒక్కటి వదిలేశాం. రెండోది ఎక్కాం.

ఇంటికొచ్చేసరికి మిడత సోఫా మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. సోఫా చాలడం లేదు. నేను పక్కన కూర్చుని, పాస్‌పోర్టు దాని చేతికిచ్చాను.

"దొరికిందా?" అంది.

"నేనే దాచాను. అబద్ధం చెప్పాను. నిన్ను ఊరికే తిట్టాను."

అది నా మొహంలోకి చూసింది. "నీకు కోపమొస్తుందా పిన్నీ, నేను వెళ్తానంటే?"

"వస్తుంది."

"చాలా?"

"చాలా. అయినా చెప్పు."

"నేను రొట్టె అంచులు తిననని కూడా అమ్మకి తెలీదు. నాకూ అమ్మ గురించి ఏం తెలీదు. నిన్న చెప్పింది, తనకి కూడా అంచులు ఇష్టం లేదట." కాసేపు పాస్‌పోర్టు అంచు గిల్లింది. "భయంగానే ఉంది. కానీ చూడాలనుంది. ఒక్క ఏడాదే పిన్నీ. మళ్ళీ వచ్చేస్తాను."

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. నేను ఫోన్లో అక్కతో అంటుంటే విని ఉంటుంది, అంతే. ఒక్క ఏడాది అంటే ఎంతో ఆ ఇంట్లో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నాకు ఏడుపొచ్చింది. దాని ముందే ఏడ్చాను. అది నా వీపు నిమిరింది, పెద్ద ఆరిందాలాగా.

"వెళ్ళి బాబాయిని లేపు," అన్నాను మొహం తుడుచుకుని. "నాన్నగారికి నంబరు రాయించమను. మీ అమ్మ తెచ్చిన గుడ్డసంచి పట్రా."

అక్కే ఆ సంచి తెచ్చి మిషను మీద పెట్టింది, గోడవార నిలబడింది. మిడత స్కర్టు తొడుక్కుని స్టూలెక్కింది. వానలప్పటి కొలతలు కదా, మోకాలి పైకి వచ్చేసింది. ఒక వేలెడు దింపాలి.

నేను కింద కూర్చుని మడత విప్పాను. దర్జీ వదిలిన మూడు వేళ్ళలో ఒక వేలెడు దింపి, మిగిలిన రెండు వేళ్ళ గుడ్డనూ లోపలికి జాగ్రత్తగా మళ్ళీ మడిచాను. కత్తిరించలేదు. చుట్టూ గుండుసూదులు పెట్టుకుంటూ వస్తున్నాను.

మిడత వంగి చూసింది. "ఒక్క ఏడాదికి లోపల అంత గుడ్డ ఎందుకు పిన్నీ?"

అక్క నా వైపు చూసింది. నా నోటినిండా గుండుసూదులున్నాయి. జవాబు చెప్పే పని తప్పింది. కదలకుండా నిలబడమని దాని కాలిమీద మెల్లగా తట్టి, రెండోవైపు మడత అందుకున్నాను.